మిల్లులమ్మిన ఊరు

నూలు వడికే యంత్రాన్ని ఓడెక్కించడం బ్రిటన్‌లో ఒకప్పుడు నేరం. 1774లో మొదలై 1781లో మరింత బిగిసిన చట్టాల కింద యంత్రమే కాదు, దాని నమూనా గానీ, దాన్ని గీసిన కాగితం గానీ దేశం దాటడానికి వీల్లేదు. యంత్రం గుట్టు తెలిసిన పనివాడు వలస పోవడానికీ వీల్లేదు. 1789లో శామ్యూల్ స్లేటర్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు ఆ కాపలాను తప్పించుకుని అమెరికా ఓడ ఎక్కాడు. వెంట ఒక్క కాగితమూ లేదు. ఆర్క్‌రైట్ అనే ఆయన చేసిన వడుకు యంత్రం మొత్తం స్లేటర్ తలలోనే ఉంది. అమెరికా నూలు మిల్లులకు అదే పునాది. పనివాళ్ల మీద ఆంక్షను 1824లో ఎత్తేశారు గానీ, వడికే యంత్రాల ఎగుమతి మీద నిషేధం 1843 దాకా నిలిచింది.

అది తొలగిన మరుసటి ఏడాది, 1844లో, మాంచెస్టర్‌కు ఈశాన్యంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఓల్డ్‌హామ్‌లో, వెర్నెత్ అనే పేటలో, రైలు పట్టాల పక్కనే ఒక కొత్త కార్ఖానా లేచింది. పేరు హార్ట్‌ఫర్డ్ వర్క్స్. యజమానులు హిబ్బర్ట్, ప్లాట్ కుటుంబాల వాళ్లు. పదేళ్లు తిరిగేసరికి కంపెనీ ప్లాట్ బ్రదర్స్ అయింది. 1890ల నాటికి అందులో పన్నెండు వేల మంది పనిచేసేవాళ్లు. జౌళి యంత్రాల తయారీలో దాన్ని మించిన కంపెనీ భూమ్మీద లేదు. మాస్కో నుంచి బొంబాయి దాకా, బొంబాయి నుంచి ఒసాకా దాకా మిల్లులన్నిటా పోత ఇనుప చట్రాల మీద ఈ ఊరి పేరు ఉండేది.

కథ మొదలైంది మాత్రం కొండ మీద ఒక కమ్మరి కొలిమిలో.

ఓల్డ్‌హామ్‌కు తూర్పున పెన్నైన్ కొండల అంచున శాడిల్‌వర్త్ అనే ఉన్ని నేత ప్రాంతం ఉంది. అక్కడ డాబ్‌క్రాస్ గ్రామంలో 1770ల ప్రాంతంలో హెన్రీ ప్లాట్ అనే కమ్మరి ఏకుడు యంత్రాలు తయారుచేయడం మొదలుపెట్టాడు. ఏకడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి నలక జారిపోతుంది, పోగులన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. తర్వాత దాన్ని ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. కమ్మరి ప్లాట్ చేసిందీ అదే పనికి పనిముట్టు. చేప పళ్లకు బదులు తోలులో గుచ్చిన వేల కొద్దీ సన్నటి ఇనుప తీగముక్కలు, వాటిని చుట్టుకున్న పెద్ద పీపా, దానికి ఎదురుగా మరికొన్ని చిన్న పీపాలు. ఇవన్నీ తిరుగుతుంటే ఇటు నుంచి వేసిన దూది అటు నుంచి సాలెగూడు లాంటి పొరగా వచ్చి, గరాటు లాంటి కంతలో దూరి, లావుపాటి మెత్తటి తాడుగా బయటపడుతుంది. వడుకుకు సంబంధించినంత వరకు సగం మంచి చెడ్డలు అక్కడే తేలిపోతాయి. ఏకుడు చెడితే ఆ తర్వాత ఎంత గొప్ప యంత్రం పెట్టినా నూలు తెగుతూనే ఉంటుంది. ప్లాట్ కుటుంబం ఈ మొదటి మెట్టు దగ్గర మొదలుపెట్టడం తర్వాత వాళ్లకు బాగా కలిసొచ్చింది.

హెన్రీ మనవడి పేరూ హెన్రీయే. అతను 1820ల మొదట్లో కొండ దిగి ఓల్డ్‌హామ్ వచ్చాడు. పత్తి మిల్లులు అప్పటికే ఆ ఊళ్లో పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. కాళ్ల కింద బొగ్గు, గాలిలో తేమ, పక్కనే మాంచెస్టర్ బజారు. ఎలైజా హిబ్బర్ట్ అనే స్థానికుడితో కలిసి హెన్రీ యంత్రాల వ్యాపారం పెట్టాడు. 1842లో హెన్రీ, 1846లో హిబ్బర్ట్ పోయాక పగ్గాలు హెన్రీ కొడుకు జాన్ ప్లాట్ చేతికి వచ్చాయి. అప్పటికి జాన్‌కు ఇంకా ముప్పై నిండలేదు. 1854లో హిబ్బర్ట్ కుటుంబం వాటా కూడా కొనేశారు.

జాన్ ప్లాట్ కొత్త యంత్రాన్ని కనిపెట్టిన మనిషి కాడు. ఆ కాలానికి వడుకులో గొప్ప యంత్రం మ్యూల్. దాన్ని 1779లో శామ్యూల్ క్రాంప్టన్ తయారుచేశాడు. మనిషి నెట్టకుండా దానంతట అదే నడిచేలా చేసింది మాంచెస్టర్‌కు చెందిన రిచర్డ్ రాబర్ట్స్. అతనికి 1825లో ఒక పేటెంటు, 1830లో మరొకటి వచ్చాయి. మ్యూల్ వడికేవాళ్లు మాటిమాటికీ సమ్మె చేస్తున్నారని మిల్లు యజమానులే రాబర్ట్స్ వెంటపడి ఈ యంత్రం చేయించారు. ప్లాట్లు ఇటువంటి వాటిని తీసుకుని మెరుగులు దిద్దారు. లోపం ఎక్కడుందో చూశారు, అరిగే చోట గట్టి లోహం పెట్టారు, విడిభాగాలను ఒకే కొలతకు తెచ్చారు. పక్కవీధి మిల్లులో సోమవారం యంత్రం మొరాయిస్తే మంగళవారానికి సంగతి కార్ఖానాకు తెలిసిపోయేది. ఓల్డ్‌హామ్ మిల్లులే వాళ్లకు ప్రయోగశాల. ఇంట గెలిచి రచ్చ గెలవడమనే మాట ఈ కంపెనీకి అక్షరాలా సరిపోతుంది.

మ్యూల్ పనిచేస్తుంటే చూసినవాళ్లు మర్చిపోలేరు. గది ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి బండి, దాని మీద వెయ్యికి పైగా కదుళ్లు. బండి చక్రాల మీద దాదాపు ఐదడుగులు వెనక్కి వస్తుంది. వస్తున్నంత సేపూ వెయ్యి పోగులూ ఒక్కసారిగా సాగుతాయి, పురి ఎక్కుతాయి. చివర ఒక్క క్షణం ఆగి, బండి మళ్లీ ముందుకు పోతూ వడికిన నూలును కదుళ్లకు చుట్టుకుంటుంది. మళ్లీ వెనక్కి. పనివాళ్లు నూనె ఇంకిన చెక్క నేల మీద ఒట్టి కాళ్లతో నడుస్తూ, బండి ముందుకు పోయే ఆ కాస్త వ్యవధిలో వంగి తెగిన పోగులు అతుకుతారు. అతికేవాళ్లలో చాలామంది పిల్లలే. రాట్నం ముందు కూర్చున్న మనిషి కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకును వెనక్కి లాగి, తర్వాత కదురుకు చుట్టే వరసనే మ్యూల్ వెయ్యి చేతులతో చేస్తుంది.

యంత్రాల ఊరు గనక యంత్రాల తగువు కూడా ముందు అక్కడే రాజుకుంది. 1851 జనవరిలో బ్రిటన్ ఇంజినీరింగ్ కార్మికుల సంఘాలు చాలా భాగం ఒకటై అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజినీర్స్‌గా ఏర్పడ్డాయి. అదే ఏడాది హిబ్బర్ట్ అండ్ ప్లాట్‌లో గొడవ మొదలైంది. రోజూ తప్పనిసరి ఓవర్‌టైమ్ వద్దని, ముక్కకింత అని కూలి కట్టడం వద్దని, పని నేర్చుకోని కూలీలను స్వయంచాలక మరల మీద పెట్టవద్దని కార్మికులు పట్టుబట్టారు. ఓల్డ్‌హామ్ ఉన్న లాంకషైర్ ప్రాంతపు యజమానులు, లండన్ యజమానులు జట్టు కట్టారు. 1852 జనవరిలో కార్ఖానాలకు తాళాలు పడ్డాయి. ఏప్రిల్ నాటికి సంఘం నిధులు అడుగంటాయి. సంఘంలో ఉండబోమని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టినవాళ్లకే మళ్లీ పని దొరికింది. చాలామంది ఆకలికి తలవంచి సంతకం పెట్టారు, సంఘాన్ని మాత్రం విడవలేదు. జాన్ ప్లాట్‌కు ఊరు విగ్రహం పెట్టుకుంది, ఆయన బడి కట్టించాడు, మేయరుగా చేశాడు. అవన్నీ నిజమే. ఆ మూడు నెలలు ఓల్డ్‌హామ్ వీధుల్లో పస్తులున్న కుటుంబాల సంగతి కూడా అంతే నిజం.

అదే 1851లో లండన్ మహా ప్రదర్శనలో ఈ కంపెనీ తన సత్తా చూపింది. పత్తి బేలు విప్పే యంత్రం మొదలు నేత మగ్గం దాకా వరుసగా పెట్టి, ఆవిరితో నడిపి చూపించింది. ఒక చివర దూది, మరో చివర గుడ్డ. కొనడానికి వచ్చిన పరదేశి వర్తకుడికి అంతకంటే మంచి ప్రకటన ఏం కావాలి? ప్లాట్ అసలు బలం ఆ వరుసలోనే ఉంది. వేరే కంపెనీలు మంచి ఏకుడు యంత్రమో, మంచి మగ్గమో చేసేవి. ప్లాట్ దగ్గర మిల్లు మొత్తం దొరికేది. నీ దేశపు పత్తి పోగు ఎంత పొడుగు, ఏ నంబరు నూలు కావాలి, ఎన్ని కదుళ్లు, ఎంత స్థలం అని అడిగి, దానికి తగ్గ యంత్రాల జాబితా, వాటిని అమర్చే నక్షా, బిగించడానికి మనుషులు, నడపడానికి మేనేజరు కూడా ఓల్డ్‌హామ్ నుంచే పంపేవాళ్లు. వడుకు సంగతి ఏమీ తెలియని మనిషి డబ్బుతో వస్తే చాలు, మిల్లు యజమాని అయి వెళ్లేవాడు.

ఈ పద్ధతి ఎంత దూరం పోయిందో రష్యాలో చూడొచ్చు. బ్రెమెన్‌కు చెందిన లుడ్విగ్ క్నూప్ అనే కుర్రాడు 1839లో ఒక మాంచెస్టర్ కంపెనీ తరఫున మాస్కో వచ్చాడు. 1840లలో మొరొజొవ్ కుటుంబానికి ఇంగ్లిష్ యంత్రాలతో మిల్లు కట్టించి ఇచ్చాడు. అది లాభాలు తెచ్చిపెట్టడంతో మిగతా రష్యన్ వర్తకులు అతని గుమ్మం ముందు వరుస కట్టారు. క్నూప్ అప్పిచ్చేవాడు, బదులుగా మిల్లులో వాటా తీసుకునేవాడు. యంత్రాలు చాలావరకు ప్లాట్‌వి, మేనేజర్లు లాంకషైర్ వాళ్లు. ఏ యంత్రం పెట్టాలో యజమాని నిర్ణయించడానికి లేదు, క్నూప్ ఏది పంపితే అది. అలా 122 నూలు మిల్లులు నిలబెట్టాడని చరిత్రకారులు లెక్కగట్టారు. గుడి ఉన్నచోటల్లా పూజారి ఉన్నట్టు మిల్లు ఉన్నచోటల్లా క్నూప్ ఉంటాడని రష్యన్లు చెప్పుకునేవాళ్లట.

ఇండియాకు దారి ఇంకోలా పడింది. బొంబాయి పార్సీ వర్తకుడు కావస్జీ నానాభాయ్ దావర్ 1854లో బొంబాయి స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ పెట్టాడు. మూలధనం 5 లక్షల రూపాయలు. యంత్రాలు ప్లాట్ దగ్గర్నుంచి వచ్చాయి. తార్‌దేవ్‌లో ఆ మిల్లు 1856లో నడవడం మొదలైంది. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఇనుప చట్రాలన్నీ ఆఫ్రికా కొస చుట్టి రావాలి. అహ్మదాబాద్‌లో రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ 1861లో తెరిచిన మొదటి మిల్లుకు యంత్రాలు ఖంభాత్ రేవు నుంచి ఎద్దుబండ్ల మీద వచ్చాయి. వాటిని బిగించడానికి వచ్చిన ఇంగ్లిష్ ఇంజినీరు కలరాతో చనిపోయాడు. మిల్లు ఆగలేదు. బొంబాయి, అహ్మదాబాద్ షేట్లు పట్టుబట్టి వరుసగా కట్టుకుంటూ పోయారు. 1900 నాటికి ఇండియాలో 190కి పైగా మిల్లులు, దాదాపు 50 లక్షల కదుళ్లు. వాటిలో అత్యధికం లాంకషైర్ పోతపోసినవే.

ఈ లోపల అమెరికా అంతర్యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా దక్షిణాది పత్తి ఓడరేవులు దాటలేదు. లాంకషైర్ మిల్లులు మూతపడి లక్షల మంది వీధిన పడ్డారు. ఓల్డ్‌హామ్‌లో పని లేని మిల్లు కూలీలకు కూలి ఇప్పించడానికి ఒక పెద్ద తోట తవ్వించారు. అదే 1865లో తెరిచిన అలెగ్జాండ్రా పార్క్. జాన్ ప్లాట్ విగ్రహం ఇప్పుడు అందులోనే ఉంది. వేరే దేశాల పత్తి కోసం మాంచెస్టర్ గింజుకుంది. పత్తి గింజ వేరుచేసే మెకార్తీ జిన్‌ను ప్లాట్ కంపెనీ మెరుగుపరిచి ఈజిప్టుకూ ఇండియాకూ పెద్ద ఎత్తున పంపింది. మన పొట్టి పోగు పత్తి అంటే అక్కడి కార్మికులకు గుండె దడ. తెగిన పోగులు అతుక్కుంటూ కూర్చోవడానికే పొద్దు చాలేది కాదు. దేవుడా పత్తి పంపు, సూరత్ పత్తి మాత్రం వద్దు అని ప్రార్థించారని ఓ కథ ఉంది. యంత్రాల వాళ్లకు మాత్రం అది పాఠమైంది. పొట్టి పోగును వడకడానికి రోలర్ల మధ్య దూరం ఎంత ఉండాలి, ఏకుడు ఎలా మార్చాలి అన్నది నేర్చుకున్నారు. తర్వాత బొంబాయికి మిల్లులు అమ్మడానికి ఆ చదువు పనికొచ్చింది.

తెలుగు నేల మీద కూడా ఆ గాలి వీచింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల ఎర్రపాటి పత్తి కాకినాడ రేవు నుంచి పోయి లాంకషైర్ బజారులో కోకనాడ అనే పేరుతో చెలామణీ అయింది. ఆ యుద్ధకాలపు పత్తి ఎగుమతితోనే కాకినాడ రేవు పెద్దదయింది. వెళ్లింది పత్తి, తిరిగొచ్చింది మిల్లు నూలు. మంగళగిరి, చీరాల సాలీలు మగ్గం వదల్లేదు, నూలు మాత్రం మార్చుకున్నారు. మిల్లు నూలు చవక, పోగు సమం, పడుగుకు తట్టుకుంటుంది. దాంతో నేత బతికింది, ఇంటింటా రాట్నం మూలపడింది. వడుకు ఎక్కువగా ఆడవాళ్ల చేతిపని. వితంతువులకూ ముసలివాళ్లకూ అదొక్కటే ఆధారం. ఓల్డ్‌హామ్ మ్యూల్‌కు అసలు పోటీ ఆ చేతులే. ఏ కంపెనీ లెక్కల పుస్తకంలోనూ వాళ్ల పేర్లుండవు.

జపాన్ కథ వీటన్నిటికంటే ఆశ్చర్యం. 1863 ఆగస్టులో బ్రిటిష్ యుద్ధనౌకలు కగోషిమా పట్నం మీద ఫిరంగులు పేల్చి ఊళ్లో పెద్ద భాగం తగలబెట్టాయి. ఆ పట్నాన్ని ఏలే సత్సుమా వంశంవాళ్లు పగతో రగిలిపోవాల్సింది. రెండేళ్లు తిరక్కుండా, 1865లో, తమ మనుషులు 19 మందిని దొంగచాటుగా అదే బ్రిటన్‌కు పంపారు. విదేశాలకు పోవడం అప్పటి జపాన్ చట్టం ప్రకారం ఘోరమైన నేరం కనక వాళ్లందరూ మారుపేర్లతో వెళ్లారు. వాళ్లలో గొదాయి తొమొఅత్సు, నీరో హిసనొబు లాంకషైర్ చేరి ప్లాట్ దగ్గర మిల్లుకు ఆర్డరిచ్చారు. 3,648 కదుళ్లు, 100 మరమగ్గాలు. వాటితో పాటు ఏడుగురు ఇంగ్లిష్ పనివాళ్లు కగోషిమా వచ్చారు. వాళ్లుండటానికి సముద్రం ఒడ్డున చెక్కతో వరండాల ఇల్లు కట్టారు. 1867లో మిల్లు నడిచింది. తగలబడి నాలుగేళ్లే అయిన ఊళ్లో, దాన్ని తగలబెట్టిన దేశం మనుషులు ఊరివాళ్లకు పోగు అతకడం నేర్పారు. కొద్దికాలానికే జపాన్‌లో అంతర్యుద్ధం కమ్ముకురావడంతో ఆ ఇంగ్లిష్ వాళ్లు ఒప్పందం గడువు తీరకుండా, ఏడాదికే తిరిగి వెళ్లిపోయారు. ఆ ఏడాది చాలింది. కగోషిమాలో పని నేర్చినవాళ్లు 1870లో సకాయిలో రెండో మిల్లు లేపారు. ఆ చెక్క ఇల్లు నేటికీ ఉంది. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

1883లో పెద్ద ఎత్తున నడవడం మొదలుపెట్టిన ఒసాకా మిల్లు 10,500 కదుళ్లతో, మళ్లీ ప్లాట్ యంత్రాలతోనే వచ్చింది. దాని ఇంజినీరు యమనొబె తకెయో ముందుగా లాంకషైర్ వెళ్లి అక్కడి మిల్లులో చేతులకు నూనె అంటించుకుని పని నేర్చుకున్నాడు. ఆ మిల్లు కరెంటు దీపాలు పెట్టి రాత్రింబగళ్లు నడిచింది.

ఇక్కడ లాంకషైర్‌లో ఒక తగువు పుట్టింది, అది సహజం. బొంబాయి మిల్లుల నూలు చైనా, జపాన్ బజార్లలో తమ నూలును తోసేస్తుంటే మాంచెస్టర్ మిల్లు యజమానులు లబోదిబోమన్నారు. వాళ్ల ఒత్తిడితోనే ఇండియాలో నూలుగుడ్డల దిగుమతి సుంకం 1882లో ఎత్తేశారు. తర్వాత ఖజానాకు డబ్బు చాలక సుంకం మళ్లీ వేసినప్పుడు, 1896లో, మన మిల్లు గుడ్డ మీద కూడా 3.5 శాతం ఎక్సైజు వేయించారు. బొంబాయి మిల్లులకు పోటీ శక్తి ఎక్కడ నుంచి వచ్చిందంటే, అదే లాంకషైర్ నుంచి, అదే ఓల్డ్‌హామ్ నుంచి. ఒకే ఊళ్లో ఒక వీధిలో నూలు వడికేవాడు ఇండియా పోటీ మీద అర్జీ రాస్తుంటే, ఇంకో వీధిలో ఇండియా కోసం కదుళ్లు పెట్టెల్లో కడుతున్నారు. ప్లాట్‌ను ఇంటిదొంగ అన్నవాళ్లున్నారు. ఆ నింద నిలవదు. ప్లాట్ అమ్మకపోతే ఆక్రింగ్టన్‌లో హోవర్డ్ అండ్ బుల్లో అమ్మేది, బోల్టన్‌లో డాబ్సన్ అండ్ బార్లో అమ్మేది. నిషేధం ఉన్న రోజుల్లోనే స్లేటర్ తలలో పెట్టుకుపోయిన విద్యను ఇనుప పెట్టెల్లో బంధించడం ఎవరి తరమూ కాదు.

కంపెనీకి అవి దివ్యమైన రోజులు. సొంత ఫౌండ్రీలు, సొంత బొగ్గు గనులు, సొంత రైలు పట్టాలు. జాన్ ప్లాట్ 1865 నుంచి పార్లమెంటులో ఉండి 1872లో పారిస్‌లో చనిపోయాడు. అంతకుముందు తమ్ముడు జేమ్స్ కూడా 1857లో ఆ సీటు గెలిచాడు, కానీ అదే ఏడాది వేటకు వెళ్లినచోట పొరపాటున పేలిన తూటాకు బలయ్యాడు. 1894 జనవరి 1న మాంచెస్టర్ షిప్ కాలువ తెరిచినప్పుడు ఓడల ఊరేగింపుకు ముందు నడిచింది జాన్ కొడుకు శామ్యూల్ ప్లాట్ పడవ, నార్స్‌మన్. ఇక ఊరి సంగతి. 1911లో ఓల్డ్‌హామ్‌లో 1.64 కోట్ల కదుళ్లున్నాయి. అప్పుడు ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 14.35 కోట్లు. అంటే ప్రతి తొమ్మిది కదుళ్లలో ఒకటి దాదాపు ఆ ఒక్క ఊళ్లోనే తిరుగుతోంది.

ప్లాట్‌ను పెంచిన ఊరే దాని కళ్లకు గంతలు కూడా కట్టింది. అమెరికాలో 1828లో పుట్టిన రింగ్ వడుకు 1870ల నాటికి బాగా పదునెక్కింది. రింగ్ ఫ్రేమ్‌లో బండి వెనక్కి రావడం, ముందుకు పోవడం లేదు. పోగు సాగడం, పురి ఎక్కడం, చుట్టుకోవడం ఆగకుండా ఒకేసారి జరుగుతాయి. ఏళ్ల తరబడి అనుభవం ఉన్న మ్యూల్ మేస్త్రి అక్కర్లేదు. నాగపూర్‌లో 1877 జనవరి 1న ఎంప్రెస్ మిల్స్ తెరిచిన జంషెడ్జీ టాటా 1883లో రెండు రింగ్ ఫ్రేములు తెప్పించి పరీక్షించాడు. ఫలితం చూసి మరిన్ని కావాలనుకుంటే ప్లాట్ వాళ్లు ఆ దారి పట్టడానికి ఒప్పుకోలేదని, అందుకే టాటా మాంచెస్టర్‌లోని బ్రూక్స్ అండ్ డాక్సీ దగ్గరికి వెళ్లాడని ఆయన జీవిత చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ప్లాట్‌కు ఎందుకు ఇష్టం లేదో ఊహించడం కష్టం కాదు. వాళ్ల పక్కింటి ఖాతాదారులు మ్యూల్‌తో హాయిగా ఉన్నారు. ఆ ఊళ్లో మ్యూల్ నడిపే నిపుణులకు కొదవ లేదు. మ్యూల్ నూలు మెత్తన, పేకకు శ్రేష్ఠం, చెక్క బాబిన్ లేకుండా నేత ఊళ్లకు పంపొచ్చు, బండి కిరాయి కలిసొస్తుంది. ఓల్డ్‌హామ్‌కు మ్యూలే సరైన లెక్క. నాగపూర్‌కు కాదు. ప్లాట్ కొన్నాళ్ల పాటు ఓల్డ్‌హామ్ కళ్లతోనే నాగపూర్‌ను చూసింది.

తర్వాత తప్పు దిద్దుకుంది, రింగులు చేయడం మొదలుపెట్టి వేల కొద్దీ అమ్మింది. అయితే సొంత దేశంలో అలవాటు వదల్లేదు. 1913లో బ్రిటన్ కదుళ్లలో ప్రతి ఐదింటికి నాలుగు మ్యూల్‌వే. అమెరికాలో అప్పటికే ప్రతి ఎనిమిదింటికి ఏడు రింగువి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఎగుమతి బజారు కూలింది. 1922లో ఒక జపాన్ యువకుడు ఓల్డ్‌హామ్ వచ్చి రెండు వారాల పాటు ప్లాట్ కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. పేరు తొయొదా కిఇచిరో, మగ్గాల తయారీదారు సకిచి కొడుకు. ఆ తండ్రీకొడుకులు 1924లో చేసిన జి రకం మగ్గంలో నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగదు, పూర్తి వేగంతో నడుస్తుండగానే ఖాళీ నాడె పోయి నిండు నాడె వస్తుంది. 1929 డిసెంబరులో ప్లాట్ ఆ పేటెంటు హక్కులను లక్ష పౌండ్లకు కొనుక్కుంది. జపాన్, చైనా, అమెరికా తప్ప మిగతా ప్రపంచానికి. 60 ఏళ్ల కింద కగోషిమాకు పోగు అతకడం నేర్పిన కంపెనీ జపాన్ దగ్గర మగ్గం విద్య కొనుక్కుంటోంది. కొన్నా వాడుకోలేకపోయింది. ఒక మనిషి పదుల కొద్దీ మగ్గాలు చూసుకునే పద్ధతి లాంకషైర్‌కు మింగుడు పడలేదు. అక్కడ ఒక నేతగాడికి నాలుగు మగ్గాలు అన్నది పాత ఆచారం. అంతకు మించి ఇస్తే కూలి పోతుందని 1931లో బర్న్‌లీ కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు, పని లేనివాళ్లు అప్పటికే వీధి వీధికీ ఉన్నారు. జపాన్‌లో తొయొదాలు మాత్రం 1930లలో మోటారు కార్ల వైపు మళ్లారు.

1931లో ప్లాట్, దాని పాత ప్రత్యర్థులు డాబ్సన్ అండ్ బార్లో, హోవర్డ్ అండ్ బుల్లో, టాటాకు రింగులు అమ్మిన బ్రూక్స్ అండ్ డాక్సీ, మరికొన్ని కంపెనీలు కలిసి టెక్స్‌టైల్ మెషినరీ మేకర్స్ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1958లో అది స్టోన్-ప్లాట్ అయింది. 1982లో స్టోన్-ప్లాట్ దివాలా తీసి రిసీవర్ల చేతికి పోయింది. హార్ట్‌ఫర్డ్ వర్క్స్ మూతపడింది. 1844లో ఎక్కడ మొదలైందో ఆ వెర్నెత్‌లోనే.

ప్లాట్ చేతిరాత ఆర్డరు పుస్తకాలు మాత్రం ప్రెస్టన్‌లోని లాంకషైర్ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఒక్కో ఆర్డరులో కొనేవాడి పేరు, దేశం, కదుళ్లు ఎన్ని, మ్యూలా రింగా, ఏ నంబరు నూలుకు, ఏ దేశపు పత్తికి అన్నీ ఉంటాయి. అమెరికన్ ఆర్థిక చరిత్రకారుడు గ్యారీ సాక్సన్‌హౌస్ ఏళ్ల తరబడి ఇటువంటి ఆర్డరు పుస్తకాలను లెక్కకట్టి, ఏ దేశం ఏ సంవత్సరంలో మ్యూల్ వదిలి రింగుకు మారిందో తేల్చాడు. 1890 ప్రాంతం నుంచి జపాన్ ఆర్డర్లన్నీ దాదాపు రింగులే. 1893లో వెళ్లిన ఒక ప్లాట్ రింగ్ ఫ్రేమును జపాన్ ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించి మెయిజి-మురా మ్యూజియంలో ఉంచింది. అదే కాలంలో, అదే గుమాస్తాల చేతిరాతలో, వెర్నెత్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఓల్డ్‌హామ్ మిల్లుల ఆర్డర్లు మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఎక్కువగా మ్యూల్‌కే.